శరీర చిత్రములు – మన ఋణము
(గజపతినగరంలో సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవాలలో గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని, ఆస్పత్రులు నిలబెట్టినవారిని తలచుకుంటాము. అది న్యాయమే. అయితే ఆస్పత్రి గోడకు వేలాడే ఒక వస్తువును గురించి ఎవరూ మాట్లాడరు. అది చర్మం ఒలిచిన మనిషి పటం. ఎర్రని గీతలు, నీలి గీతలు, కండలు, ఎముకలు. పసిపిల్లలు దాన్ని చూసి తల్లి కొంగు పట్టుకుంటారు. పెద్దవాళ్లం చూపు తిప్పుకుంటాము. ఆ పటం వెనుక ఉన్న చరిత్ర ఈనాటి మా అంశము.

మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో చదువుకుని సంఘ కాపరత్వానికి వచ్చినవారము. గాన వైద్యం చెప్పబోము. ఆ బొమ్మలు ఎవరిని చూసి గీశారు? వాటివల్ల మనకు ఏమి మేలు కలిగింది? ఆ మేలుకు మనము ఎవరికి బాకీ పడ్డాము? ఈ మూడు మాటలే మీ ముందు పెట్టదలచాము.

నరం అనే మాట

మన తెలుగు మాటతోనే మొదలుపెడదాము. కోత కోస్తూ కొడవలి తగిలి నెత్తురు చిమ్మితే 'నరం తెగింది' అంటాము. అది నెత్తురు పారే గొట్టం. బరువెత్తి మెడ తిరగకపోతే 'నరం పట్టేసింది' అంటాము. అక్కడ పట్టేసింది చాలాసార్లు కండ. చెయ్యి తిమ్మిరెక్కి వస్తువులు జారిపోతుంటే 'నరాల బలహీనత' అంటాము. అది స్పర్శను మోసుకుపోయే తీగ. ముసలివారి చేతిమీద తేలిన నీలి గీతలు కూడా మనకు నరాలే. ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు వస్తువులు దాగి ఉన్నాయి.

ఇది తెలుగువారి లోపమేమీ కాదు. గ్రీకు భాషలో నరానికి వాడిన మాట కూడా మొదట కండను ఎముకకు కట్టి ఉంచే తాడుకు పేరు. చర్మం పైనుంచి చూసేవాడికి లోపలివన్నీ తాళ్లలాగానే కనబడతాయి. విప్పి చూసి, ఒక్కొక్కదాన్ని విడదీసి, ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో గీతలో పెట్టినప్పుడు గాని తేడా తేలలేదు. పటంలో ధమనికి ఎరుపు, సిరకు నీలం, నాడికి పసుపు వేస్తారు. లోపల నిజంగా అంత అందమైన రంగులు ఉండవు. అవి గుర్తు కోసం మనిషి పెట్టుకున్న రంగులు.

ఈ తేడా పండితుల కాలక్షేపం అనుకోవద్దు. మన జిల్లాలలో ఎంతోమంది చేతులు, పాదాలు నిలిచాయా పోయాయా అన్నది దీనిమీదనే ఆధారపడింది. ఆ సంగతికి తరవాత వద్దాము.

పైనుంచి చూచిన దేహము

మనిషి బొమ్మ చేయడం మన తెలుగు దేశానికి కొత్త కాదు. అమరావతి శిల్పాలలో ఎంతమంది స్త్రీ పురుషులు! తోలుబొమ్మల సంగతి చూడండి. కాకినాడ దగ్గర మాధవపట్నం వంటి ఊళ్లలో ఆ కళాకారుల కుటుంబాలు స్థిరపడ్డాయి. తోలును పలుచగా గీకి, వెలుగు ఆనేటట్లు చేసి, రంగులు వేసి, భుజం దగ్గర, మోచేయి దగ్గర కీలు పెట్టి దారంతో కడతారు. వెనుక దీపం పెట్టి ఆడిస్తే రావణుడు, హనుమంతుడు తెరమీద నడిచి వస్తారు. చెయ్యి ఎక్కడ మడుస్తుందో ఆ కళాకారుడికి బాగా తెలుసు. ఎందుకు మడుస్తుందో అతనికి అవసరం లేదు. అతని పని కథ చెప్పడం.

మన వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్చిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఇనుప గొలుసులు తెంచుతుంటే, రొమ్ముమీద ఏనుగును నిలబెట్టించుకుంటే జనం విరగబడి చూశారు. కలియుగ భీముడన్నారు. ఆ కండను అందరూ చూశారు. ఆ కండ ఏ ఎముకమీద మొదలై ఏ ఎముకను లాగుతోందో చూడవలసిన పని చూపరులకు లేదు. మెచ్చుకోవడానికి పైచూపు చాలును. బాగు చేయడానికి చాలదు.

లోపలికి చూడాలన్న ఆలోచన మన దేశంలో చాలా ప్రాచీనమైనది. దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడిన తరవాత వేళ్ల కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర వెంట పొర చూడవలెనని సుశ్రుత సంహిత శస్త్రవైద్యునికి చెప్పింది. అయితే శవాన్ని ముట్టడం మైల అన్న భావం బలపడిన సమాజంలో ఆ పద్ధతి నిలవలేదు.

పడమటి దేశాలవారు మాత్రం దీనిలో మనకంటె ధైర్యవంతులని అనుకోవద్దు. రెండవ శతాబ్దంలో రోమాలో పేరుపొందిన గేలెన్ అనే వైద్యుడు కోతులను, పందులను కోసి చూసి, మనిషి కూడా అంతే అని రాశాడు. దాదాపు 1300 సంవత్సరాలు ఆయన మాటే శాసనం. పాఠం చెప్పే గురువు ఎత్తైన పీఠంమీద కూర్చుని గేలెన్ పుస్తకం చదివేవాడు. కింద మంగలి శవాన్ని కోసేవాడు. పుస్తకంలో ఉన్నదానికి, బల్లమీద కనబడేదానికి తేడా వస్తే పుస్తకమే గెలిచేది.

ఒక గుడిలో తీర్చిన ఋణము

ఇక్కడ సంఘస్థులందరూ జ్ఞాపకం ఉంచుకోదగిన సంగతి ఒకటి చెబుతాము. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సాంతో స్పిరితో అనే గుడి ఉంది. పరిశుద్ధాత్మ పేరిట కట్టిన గుడి. దానికి ఒక మఠము, ఒక ఆస్పత్రి ఉండేవి. 1490ల తొలినాళ్లలో, ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఒక శిల్పి ఆ మఠాధిపతి దగ్గరకు వచ్చి, ఆస్పత్రిలో చనిపోయినవారి దేహాలను పరిశీలించడానికి సెలవు అడిగాడు. మఠాధిపతి ఒక గది ఇచ్చాడు. ఆ శిల్పి మైకెలాంజెలో. అక్కడ నేర్చుకున్నదానికి ప్రతిగా ఆయన ఆ గుడికి కొయ్యతో చెక్కిన సిలువ ప్రతిమను ఇచ్చాడు. చాలాకాలం అది ఎక్కడ ఉన్నదీ ఎవరూ గుర్తించలేదు. 1962లో ఆ మఠంలోనే పండితులు ఒక కొయ్య సిలువను చూసి అదేనని గుర్తించారు. ఇప్పుడు అది ఆ గుడిలోనే ఉన్నది.

ఆ పేదల పేర్లు ఎవరికీ తెలియవు. కాని వారి దేహాలనుంచి నేర్చుకున్న చెయ్యి, సిలువమీద వ్రేలాడిన దేహాన్ని చెక్కి ఇచ్చింది. పుచ్చుకున్నవాడు ఏదో ఒకటి తిరిగి ఇచ్చాడు. ఇది జ్ఞాపకం పెట్టుకోండి. ఈ చరిత్రలో ఇలా తిరిగి ఇచ్చినవారు చాలా తక్కువ.

ఆ కాలంలోనే లియొనార్డో డావిన్సీ దాదాపు 30 దేహాలను పరిశీలించానని రాసుకున్నాడు. ఆయన గీసిన బొమ్మలు నేటికీ వైద్యులను ఆశ్చర్యపరుస్తాయి. కాని 1519లో ఆయన చనిపోయేనాటికి వాటిని అచ్చువేయలేదు. పెట్టెలో ఉన్న దీపం ఎవరికీ వెలుగివ్వదు కదా! ఆ వెలుగు వెసేలియస్ అనే యువకునివల్ల బయటికి వచ్చింది.

ప్రక్కటెముకల లెక్క

ఆంద్రియాస్ వెసేలియస్ పాదువా నగరంలో గురువు. పీఠం దిగి వచ్చి, మంగలిని పక్కన పెట్టి, తానే కత్తి పట్టుకున్నాడు. 1543లో, 28 ఏళ్ల వయసులో, మానవ దేహ నిర్మాణాన్ని గూర్చి ఏడు భాగాల గొప్ప గ్రంథాన్ని బాసెల్ నగరంలో అచ్చువేయించాడు. వెనిస్‌లో కొయ్యపలకలమీద చెక్కించిన బొమ్మలను ఆల్ప్స్ పర్వతాలు దాటించి తెప్పించారు. ఆ బొమ్మల్లో చర్మం లేని మనిషి కొండలు, ఊళ్లు కనబడే చోట నిలబడి ఉంటాడు. పుట తిప్పేకొద్దీ ఒక్కొక్క కండ జారి వ్రేలాడుతుంది. చివరకు ఎముకలు మిగులుతాయి. కింది దవడ రెండు ఎముకలని గేలెన్ రాశాడు. వెసేలియస్ చూసి, మనిషికి అది ఒక్కటే ఎముక అని చెప్పాడు. గేలెన్ చూచినది జంతువుల దవడ.

ఆయన మరో మాట కూడా రాశాడు. దేవుడు ఆదాము ప్రక్కటెముకతో హవ్వను చేశాడు గనుక మగవారికి ఒక పక్క ఒక ఎముక తక్కువ ఉంటుందని ఆనాటి జనం నమ్మేవారు. వెసేలియస్ లెక్కపెట్టి, స్త్రీకి ఎన్నో పురుషునికి అన్నే అని తేల్చాడు. సాధారణంగా పక్కకు 12 చొప్పున 24.

ఈ మాట విని కలవరపడేవారు నేటికీ ఉన్నారు. మాకు ఇందులో కలవరం కనబడదు. తండ్రికి వేలు తెగితే కొడుకు వేలు లేకుండా పుట్టడు. ఆదికాండములో ఉన్న మాట ఎముకల లెక్క కోసం రాసినది కాదు. స్త్రీ పురుషుని పాదాల కింద నుంచి కాదు, ప్రక్కనుంచి వచ్చినదని మన పెద్దలు పెళ్లి ప్రసంగాలలో చెప్పే సంగతి చెక్కుచెదరలేదు. కళ్లతో లెక్కపెట్టి తెలుసుకోగల విషయాన్ని లేఖనంమీద మోపి, లెక్కపెట్టినవాడిని అవిశ్వాసి అనడం వల్ల లేఖనానికి గౌరవం పెరగదు. దేవుడు చేసిన దేహాన్ని ఉన్నది ఉన్నట్టు చూడడం కూడా ఒక భక్తియే. తల్లి గర్భంలో తనను ఎవరు కూర్చారా అని విస్మయపడిన కీర్తనకారుడు ఆ వెసేలియస్ పుస్తకం చూస్తే ఇంకా విస్మయపడేవాడే గాని ఆగ్రహించేవాడు కాడు.

ఎవరి దేహాలు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. ఆ బొమ్మల్లో ఉన్నది ఎవరు?

ముఖ్యంగా ఉరికంబం ఎక్కినవారు. వెసేలియస్ విద్యార్థిగా ఉన్నప్పుడు లూవేన్ పట్టణం బయట ఉరికంబానికి వ్రేలాడుతున్న ఎముకల గూటిని రాత్రివేళ దించి తెచ్చుకున్నాడు. తరవాతి కాలంలో వైద్య పాఠశాలలు పెరిగి దేహాలకు గిరాకీ పెరిగింది. గోరీలు తవ్వి దొంగిలించి అమ్మేవారు పుట్టారు. 1828లో ఎడిన్‌బరో నగరంలో బర్క్, హేర్ అనే ఇద్దరు ఏకంగా 16 మందిని చంపి శవాలను ఒక శరీరశాస్త్ర గురువుకు అమ్మారు. బర్క్‌ను 1829లో ఉరితీసి అతని దేహాన్నే కోతబల్లమీద పెట్టారు.

అటుపిమ్మట 1832లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. గోరీల దొంగతనం ఆగింది. ఆగినది ఎలాగు? పేదల గృహాలలో చనిపోయి, తీసుకుపోయే బంధువులు లేనివారి దేహాలను వైద్య పాఠశాలలకు ఇవ్వవచ్చునన్నారు. అంటే నిన్నటివరకు హంతకునికి వేసిన శిక్ష నేటినుంచి దరిద్రునికి వచ్చింది. ధనవంతుని గోరీ భద్రమైనది.

మన దేశంలో 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా అనే ఆయుర్వేద పండితుడు కులాచారపు కట్టును దాటి శవాన్ని ముట్టి కోశాడు. అది గొప్ప సాహసం. ఆయన పేరు చరిత్రలో నిలిచింది, నిలవవలసిందే. ఆ బల్లమీద పడుకున్న మనిషి పేరు నిలవలేదు.

గీసిన చెయ్యి

లోకంలో అందరికంటె ఎక్కువమంది వైద్యులు చదివిన శరీరశాస్త్ర గ్రంథం 'గ్రేస్ అనాటమీ'. 1858లో లండన్‌లో అచ్చయింది. రాసినవాడు హెన్రీ గ్రే. 363 బొమ్మలు గీసినవాడు హెన్రీ వాండైక్ కార్టర్, ఒక చిత్రకారుని కుమారుడు, తానూ వైద్యుడు. శవపరిశీలన ఇద్దరూ కలిసే చేశారు. అంతకుముందు పుస్తకాల్లో బొమ్మమీద చిన్న అంకెలు వేసి, పేర్లు వేరే చోట ఇచ్చేవారు. విద్యార్థి అటూ ఇటూ వెతుక్కునేవాడు. కార్టర్ పేరును ఆ భాగంమీదనే, నరమైతే నరం వెంబడి, ఎముకైతే ఎముకమీద రాశాడు. ఊరి దారిలో పేరు పలక పాతినట్లు. చదువుకునే పేదవాని కష్టం తెలిసినవాడు చేసిన పని అది. గ్రేకు పుస్తకం అమ్ముడైనకొద్దీ సొమ్ము ముట్టే ఏర్పాటు ఉండగా, కార్టర్‌కు ఒక్కసారి 150 పౌండ్లు ఇచ్చి సరిపెట్టారు. గ్రే 1861లో మశూచికంతో చిన్న వయసులోనే చనిపోయాడు. అయినా పుస్తకం ఆయన పేరుతోనే నేటికీ నడుస్తోంది.

కార్టర్ పుస్తకం వెలువడిన ఏడాదే మన దేశానికి వచ్చాడు. బొంబాయిలోని గ్రాంట్ వైద్య కళాశాలలో శరీరశాస్త్రం చెప్పాడు. 30 ఏళ్లు ఇక్కడ పనిచేసి 1888లో తిరిగి వెళ్లాడు. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే రైతుల పాదాలలోకి దిగి పాదాన్ని గుల్లచేసే బూజు రోగాన్ని గూర్చి 1874లో పుస్తకం రాశాడు. అన్నిటికంటె ముఖ్యం, కుష్ఠు వ్యాధిగ్రస్తులను చూశాడు. నరాలు గీసి గీసి తేరిన కన్ను గనుక, ఆ వ్యాధిలో నరాలు ఉబ్బి చెడిపోవడాన్ని పట్టుకుని రాశాడు. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశంలో హాన్సెన్ కనుగొన్నాడు. కార్టర్ నార్వే వెళ్లి ఆ పనిని స్వయంగా తెలుసుకుని వచ్చాడు.

సాలూరు దారిలో

ఇక మన దారికి వద్దాము. విజయనగరంనుంచి మన గజపతినగరం మీదుగా పోయే రోడ్డు రామభద్రపురం దాటి సాలూరు చేరుతుంది. సాలూరులో కుష్ఠు వ్యాధిగ్రస్తుల సేవకు పేరుపొందిన ఫిలదెల్ఫియా ఆస్పత్రి ఉన్నది. దశాబ్దాలుగా ఈ దారిన ఎంతోమంది, చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం కప్పుకుని అక్కడికి నడిచి వెళ్లారు. మన ఊళ్లలో ఆ వ్యాధిని పేరుపెట్టి పిలవడానికి కూడా భయపడి 'పెద్దరోగం' అన్నారు. మాంసం దానంతట అదే కుళ్లి వేళ్లు రాలిపోతాయనుకున్నారు. పూర్వ పాపమన్నారు. ఇంటినుంచి, ఊరినుంచి పంపివేశారు.

నిజం ఏమిటి? మోచేతి వెనుక, లోపలివైపు, ఎముక గాడిలో ఒక నరం పోతుంది. పొరపాటున తలుపుకు తగిలితే చిటికెనవేలిదాకా జిల్లుమంటుంది. మీ అందరికీ అనుభవమే. చర్మానికి అంత దగ్గరగా, చల్లని చోట పోయే నరాలలోనే కుష్ఠు సూక్ష్మజీవి ఎక్కువగా చేరుతుంది. నరం ఉబ్బి చచ్చిపోతే రెండు నష్టాలు. ఒకటి, చిటికెనవేలు, ఉంగరపువేలు కొక్కెంలాగా ముడుచుకుపోతాయి. రెండు, స్పర్శ పోతుంది. స్పర్శ పోయిన చెయ్యి పొయ్యిమీద కుండను గుడ్డ లేకుండా దించుతుంది. కాలిన సంగతి తెలియదు. పాదంలో ముల్లు విరిగితే నడుస్తూనే ఉంటారు.

కొల్లి కొండలలో మిషనరీల ఇంట 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, ఈ సంగతిని ఓపికగా పరిశీలించారు. ఆ వేళ్ల మాంసానికి మానే శక్తి ఉన్నదని, వేళ్లను తినివేస్తున్నది నొప్పి తెలియని గాయాలేనని చూపించారు. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా తెలియనివారు ఉన్నారని గ్రహించి, కాపలాకు పిల్లులను పెంచుకోమన్నారు. అంతటితో ఆగక, చెడని కండ తాడును ఒకదాన్ని దారి మళ్లించి, ముడుచుకున్న వేళ్లకు కట్టి, చెయ్యి మళ్లీ తెరుచుకునేటట్లు శస్త్రచికిత్స చేశారు. ఏది నరమో, ఏది కండ తాడో, ఏది నెత్తుటి గొట్టమో, ఏది ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో వేలెడు చోటులో తెలియకుండా ఆ పని జరుగునా? ఆ గోడపటం చేసిన మేలు అది. 'నరం' అనే ఒక్క మాటను మూడుగా విడదీసిన గీత, ముడుచుకుపోయిన పిడికిలిని తెరిచింది. అన్నం ముద్ద తన చేత్తో తాను తినగలిగిన మనిషికి ఆ గీత విలువ తెలుసు.

ఇక్కడ మన సంఘాలకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. లేవీయకాండములో మన తెలుగు అనువాదం కుష్ఠు అన్నచోట హెబ్రీ మాట బట్టమీది మచ్చకు, ఇంటి గోడమీది మచ్చకు కూడా వాడబడినది. గోడకు రోగం రాదు గదా! అనేక చర్మదోషాలను కలిపి చెప్పిన మాట అది. హాన్సెన్ కనుగొన్న వ్యాధి ఒక్కటే కాదు. కాబట్టి పాపానికి పోలికగా ఆ వ్యాధిని బల్లగుద్ది చెప్పే బోధకులు, వినేవారిలో ఆ వ్యాధి సోకిన మనిషో, ఆయన మనుమరాలో కూర్చుని ఉండవచ్చునని తలచుకోవాలి. చట్టం కూడా చాలాకాలం మనలాగానే మాట్లాడింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు కోరవచ్చునని మన దేశ చట్టాలలో ఉండేది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలోనూ ఆ కారణం ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తీసివేసింది.

1980లనుంచి పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది; అది ఉచితం. వ్యాధి పూర్తిగా నయమవుతుంది. అయినా లోకంలో ఏటా కొత్తగా కనబడే రోగులలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నారు. చర్మంమీద పాలిపోయిన మచ్చో, ఎర్రబారిన మచ్చో కనబడి, అక్కడ స్పర్శ తగ్గితే సిగ్గుపడి దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. నరం చావకముందు మందు పడితే చెయ్యి నిలుస్తుంది.

అందమైన పుస్తకము, అన్యాయపు నెత్తురు

ఇంతవరకు మేలు చెప్పాము. మేలు మాత్రమే చెప్పి ఊరుకుంటే అది సగం సత్యమే అవుతుంది.

వియన్నా నగరంలో పెర్న్‌కోఫ్ అనే శరీరశాస్త్ర గురువు ఆధ్వర్యంలో ఒక చిత్ర గ్రంథం తయారైంది. తొలి సంపుటం 1937లో వచ్చింది. నరాల బొమ్మలు అంత స్పష్టంగా మరెక్కడా లేవని శస్త్రవైద్యులు మెచ్చుకునేవారు. పెర్న్‌కోఫ్ నాజీ పక్షంవాడు. 1938లో వైద్య విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ గ్రంథానికి బొమ్మలు గీసినవారిలో కొందరు సంతకంలో నాజీ చిహ్నం కూడా వేశారు. వియన్నా విశ్వవిద్యాలయం 1990లలో విచారణ జరిపించగా, నాజీ పాలనలో మరణశిక్షకు గురైన కనీసం 1,377 మంది దేహాలు ఆ శరీరశాస్త్ర విభాగానికి చేరినట్లు తేలింది. నాజీలను ఎదిరించినందుకు చంపబడినవారు వారిలో ఉన్నారు. ప్రచురణకర్తలు ఆ పుస్తకం అచ్చు నిలిపివేశారు.

తరవాత అమెరికాలో ఒక నరాల శస్త్రవైద్యురాలికి ధర్మసంకటం వచ్చింది. రోగి నొప్పి తీర్చడానికి ఆ పాత పుస్తకంలోని బొమ్మ ఒక్కటే దారి చూపేటట్లు ఉంది. చూడవచ్చునా? పసితనంలో నాజీ శిబిరంనుంచి బ్రతికి బయటపడిన యూదు బోధకుడు జోసెఫ్ పోలాక్ దీనికి ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ప్రాణం కాపాడడానికి, బాధ తీర్చడానికి చూడవచ్చును, అయితే ఆ బొమ్మలు ఎక్కడనుంచి వచ్చాయో రోగికి చెప్పి తీరాలి. మౌనంగా వాడుకోవడానికి వీలు లేదు. అన్యాయానికి గురైనవారి తరఫున మాట్లాడగల మనిషి ఇచ్చిన తీర్పు గనుక దానికి విలువ ఉన్నది. మేలును పారవేయలేదు, బాకీని దాచలేదు.

మనము ఏమి తిరిగి ఇవ్వగలము?

మన ప్రాంతంవారు వైద్యవిద్యకు మద్రాసు వెళ్లవలసిన రోజుల్లో, 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల ప్రారంభమైంది. అదే నేటి ఆంధ్ర వైద్య కళాశాల. ఇప్పుడు నెల్లిమర్లలో, శ్రీకాకుళంలో, విజయనగరంలో కూడా వైద్య కళాశాలలు ఉన్నాయి. మన సంఘాల బిడ్డలు అక్కడ చదువుతున్నారు. పటం ఎంత మంచిదైనా దేహం చూడకుండా వైద్యుడు తయారుకాడు. మన దేశంలో ఆ దేహాలు చాలాకాలం ఎక్కువగా దిక్కులేనివారివే. రైలు స్టేషన్లలో, ఆస్పత్రి వరండాలలో ఒంటరిగా పోయినవారివి. ఇప్పుడు అనేక కళాశాలల్లో విద్యార్థులు మొదటి రోజున ఆ దేహం ముందు నిలబడి, తమకు మొదటి గురువు ఇదేనని ప్రమాణం చేస్తున్నారు. అది మంచి ఆచారం. కాని బాకీ విద్యార్థులది మాత్రమే కాదు. సూదిమందు వేయించుకున్న ప్రతివాడిదీ.

కొందరు ఈ మధ్య తమ మరణానంతరం దేహాన్ని కళాశాలకు ఇవ్వడానికి సంతకం చేస్తున్నారు. మన సంఘస్థులు మమ్మల్ని అడుగుతారు: అయ్యగారూ, దేహం కోసి ముక్కలైతే పునరుత్థానం ఎట్లా? మా జవాబు ఇది. భీమిలిలో, కళింగపట్నంలో సముద్రానికి పోయి తిరిగిరాని జాలరులు ఉన్నారు. వారికి గోరీ లేదు. వారి భార్యలకు మనము నిరీక్షణ లేదని చెప్పామా? అగ్నిలో కాల్చబడిన హతసాక్షులకు నిరీక్షణ లేదా? మట్టినుంచి చేసినవాడికి మళ్లీ కూర్చడం కష్టం కాదు. గాన భయంవల్ల ఎవరూ మానుకోనక్కరలేదు.

అయితే ఒక మాట. తల్లి గోరీమీద మట్టల ఆదివారంనాటి ఆకు ఒకటి పెట్టి ఏడ్వాలని కోరే కొడుకు ఉంటాడు. ఆ కోరిక అవిశ్వాసం కాదు, ప్రేమ. ఇంటివారితో మాట్లాడకుండా సంతకం చేసి, మరణ దినాన కలహం పెట్టడం మంచిది కాదు. బ్రతికి ఉండగానే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. దేహం ఇవ్వడం ఇష్టం లేనివారు కళ్లు ఇవ్వవచ్చును. దానికి కొన్ని గంటలే వ్యవధి ఉంటుంది. వెంటనే కబురు చేయాలి. కళ్లు ఇచ్చిన తరవాత ఎప్పటివలె సమాధి చేసుకోవచ్చును.

సంఘముగా మనము చేయగలవి మూడు ఉన్నాయని మా మనవి. మొదటిది, ఏటా మృతులను జ్ఞాపకం చేసుకునే ఆరాధనలో, వైద్యవిద్య కోసం దేహమిచ్చినవారిని, అడగకుండానే దేహం తీసుకోబడిన పేరులేనివారిని కూడా ప్రార్థనలో చేర్చడం. రెండవది, మన పేటలలో దిక్కులేకుండా చనిపోయినవారిని తెలుసుకుని, వారికి బంధువులుగా సంఘమే నిలబడి సమాధి చేయడం. ఇచ్చినవాని దేహం దానం. దిక్కులేక పోయినవాని దేహం దానం కాదు, ఆ తేడా మనకు తెలియాలి. మూడవది, సాలూరు దారిన నడిచినవారి కుటుంబాలను మన కూడికలలో ముందు వరుసలో కూర్చోబెట్టడం.

అవయవాలన్నీ కలిసి ఒక దేహమని, ఒక అవయవం బాధపడితే తక్కినవన్నీ బాధపడతాయని పౌలు కొరింథు సంఘానికి రాసిన సంగతి మీకు తెలియనిది కాదు. ఆ మాటను ఇంతకాలం సంఘానికి ఉపమానంగా చెప్పుకున్నాము. ఎవరెవరి దేహాలో విప్పి చూపిన నరాలవల్ల మన చేతులు బాగుపడ్డాయని తెలిసిన తరవాత, అది ఉపమానం మాత్రమే కాదని గ్రహిద్దాము. ఇకమీదట ఆస్పత్రిలో ఆ పటం కనబడినప్పుడు చూపు తిప్పుకోకండి. ఒక్క క్షణం నిలబడి, ఎవరో తెలియని ఆ మనిషికి మనసులో కృతజ్ఞత చెప్పండి. మీ పిల్లలకు కూడా నేర్పండి.